రెండు అక్షరాలు, ఏడు చోట్లు: టీఎస్ టీజీ అయిన రోజు నేర్చుకున్న రీఫ్యాక్టరింగ్

ఈ ఎపిసోడ్‌లో రీఫ్యాక్టరింగ్ గురించి మాట్లాడుకుందాం. ఒకే కోడ్ పది చోట్ల ఉంటే ఏమవుతుంది, ఇఫ్‌లో ఇఫ్, దాంట్లో ఇంకో ఇఫ్ ఉంటే దాన్ని ఎలా విప్పాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఎక్కడ విప్పకుండా వదిలేయాలి. డెఫినిషన్‌తో మొదలుపెట్టను. ముందు మీకు రోడ్డు మీద ఒకటి చూపిస్తా.

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగండి. మెట్లు దిగి కిందికొచ్చి ఒక్క ఐదు నిమిషాలు బండ్ల నంబర్ ప్లేట్లు చూడండి. ఏపీ 11 అని ఒక పాత స్ప్లెండర్ ఉంటుంది. దాని పక్కన టీఎస్ 11 అని ఒక స్కూటీ. కొంచెం అవతల మెరిసిపోతూ టీజీ 11 అని కొత్త కారు. మూడూ మలక్‌పేట ఆర్టీఏ ఆఫీసు బండ్లే. మధ్యలో ఎప్పుడైనా 22 బీహెచ్ అని ఒక కారు కూడా కనిపిస్తుంది.

మనకి ఇది మామూలు. 2014కి ముందు ఏపీ, రాష్ట్రం వచ్చాక టీఎస్, 2024 మార్చి 15 నుంచి కొత్త బండ్లకి టీజీ. పాత బండ్లకి పాత నంబరే, మార్చుకోనక్కర్లేదు. మనిషికి ఇదంతా ఒక్క ముక్కలో అర్థమైపోతుంది. నేను రాసిన సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అర్థం కాలేదు. ఆ కథే ఇవాళ్టి పాఠం.

ఆ శుక్రవారం ఏం జరిగింది

అప్పుడు నేను ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాడిని. పార్కింగ్ లాట్లకి సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. మాల్స్, హాస్పిటల్స్, ఫంక్షన్ హాళ్లు, అన్నీ ఎక్కువగా మన ఈ వైపే. గేట్ దగ్గర కూర్చునే అన్న బండి నంబర్ కొడతాడు, చీటీ వస్తుంది. బయటికి వెళ్లేటప్పుడు మళ్లీ కొడతాడు, ఎంత తీసుకోవాలో స్క్రీన్ చెప్తుంది. నెల పాస్ ఉన్నవాళ్లకి సున్నా.

గేట్ దగ్గర రద్దీగా ఉంటుంది కాబట్టి మొత్తం నంబర్ ఎవరూ కొట్టరు. దాదాపు అన్నీ టీఎస్ బండ్లే కదా అని, ముందు రెండు అక్షరాలు కొట్టకపోతే మేమే టీఎస్ తగిలించేవాళ్లం. అప్పట్లో అది అందరికీ నచ్చిన ఫీచర్.

2024 మార్చి 12న నోటిఫికేషన్ వచ్చింది, టీఎస్ బదులు టీజీ అని. నాకు పని ఇచ్చారు. ‘రెండు అక్షరాలే కదా, సాయంత్రానికి అయిపోతుంది’ అన్నారు. నేను కూడా అదే అనుకున్నా. కోడ్ మొత్తం వెతికితే ఆరు చోట్ల టీఎస్ దొరికింది: లోపలికి వచ్చే గేట్, బయటి గేట్, పాస్ స్క్రీన్, చీటీ ప్రింట్, ఎస్ఎంఎస్, రోజువారీ రిపోర్ట్. ఆరు చోట్లా టీజీ అని మార్చి, గురువారం రాత్రి అప్‌డేట్ పంపి ఇంటికెళ్లి పడుకున్నా.

ఏడో చోటు ఒకటుంది. నాకంటే ముందు పనిచేసిన ఎవరో డేటాబేస్ లోపల ఒక ప్రొసీజర్ రాశారు. పాస్ లిస్టులో నంబర్లు ముందు అక్షరాలు లేకుండానే దాచి, పోల్చేటప్పుడు ఆ ప్రొసీజర్ టీఎస్ తగిలిస్తుంది. నేను కోడ్ ఫైళ్లలో వెతికాను కానీ డేటాబేస్‌లో వెతకలేదు.

శుక్రవారం పొద్దున ఎల్‌బీ నగర్ వైపు ఉన్న ఒక హాస్పిటల్‌లో నైట్ డ్యూటీ దిగిన నర్సులు బండ్లు తీస్తున్నారు. అందరికీ నెల పాస్ ఉంది. గేట్ ఏమో టీజీ తగిలిస్తుంది, డేటాబేస్ ఏమో టీఎస్ తగిలిస్తుంది. రెండూ కలవవు. పాస్ లేదు, డబ్బులు కట్టాలి అని స్క్రీన్ మీద వస్తుంది. గేట్ అన్న స్క్రీన్ చెప్పినట్టు అడుగుతున్నాడు, పన్నెండు గంటలు డ్యూటీ చేసి వచ్చినవాళ్లు ఆయన్ని తిడుతున్నారు. ఇద్దరిదీ తప్పు కాదు.

నేను పాత వెర్షన్ మళ్లీ పెట్టేసరికి పదకొండున్నర. తర్వాత అక్కడికి వెళ్తే ఆ అన్న ఒకటే అన్నాడు: ‘సార్, మీ కంప్యూటర్ చెప్పింది, నేను అడిగిన. మాటలు మాత్రం నేను పడ్డా.’ కొంతమందికి ఆయన తన జేబులోంచి డబ్బులు వెనక్కిచ్చాడు. ఆ డబ్బులు తర్వాత మేము ఇచ్చాం. ఆ మాటలు మాత్రం ఆయన పడ్డవి పడ్డట్టే ఉన్నాయి.

డూప్లికేట్ కోడ్ అంటే ఏందో చాలామంది ‘చూడ్డానికి బాగోదు’ అనే స్థాయిలో ఆపేస్తారు. అది అందం సమస్య కాదు. రాసినవాడు పట్టించుకోని ఏడో చోటు ఖర్చు గేట్ దగ్గర కూర్చున్న మనిషి కడతాడు.

డూప్లికేషన్ అంటే ఒకేలా ఉన్న లైన్లు కాదు

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నేను ఆ ఏడో చోటు కూడా కనిపెట్టి మార్చి ఉంటే ఏమయ్యేది? గేట్ టీజీ, డేటాబేస్ టీజీ. రెండూ కలిసేవి. పాస్ పనిచేసేది. ఎవరూ తిట్టేవాళ్లు కాదు. కానీ నర్సు గారి టీఎస్ స్కూటీకి చీటీ మీద టీజీ అని పడేది. అంతే కాదు, టీఎస్‌లోనూ టీజీలోనూ వెనకాల అక్షరాలు, అంకెలు అవే ఉన్న రెండు వేర్వేరు బండ్లు ఉండొచ్చు. ఒకరి పాస్‌తో ఇంకొకరు వెళ్లిపోవచ్చు. అంటే బగ్ కనిపించేది కాదు కానీ ఉండేది.

అసలు సమస్య టీఎస్ అనే రెండు అక్షరాలు ఏడు చోట్ల ఉండటం కాదు. ‘ముందు అక్షరాలు లేకపోతే ఏమనుకోవాలి’ అనే ఒక నిర్ణయం ఏడు చోట్ల ఉంది. ఆ నిర్ణయానికి పేరు లేదు, అడ్రస్ లేదు.

1999లో ఆండీ హంట్, డేవ్ థామస్ ‘ద ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ పుస్తకంలో డ్రై అనే సూత్రం చెప్పారు. మన దగ్గర కోచింగ్‌లో దాన్ని ‘ఒకే కోడ్ రెండుసార్లు రాయొద్దు’ అని నేర్పిస్తారు. వాళ్లు చెప్పింది లైన్ల గురించి కాదు, తెలిసిన విషయం గురించి. సిస్టమ్‌లో ఒక విషయానికి ఒక్కటే చోటు ఉండాలి అని. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

దీనికి నేను వాడే ప్రశ్న ఒకటుంది. రాసిపెట్టుకోండి: ఇది మారాలంటే ఎవరు చెప్పాలి?

ఏడు చోట్లా ఒకే సమాధానం వస్తే, అంటే ఇక్కడ రవాణా శాఖ, అది ఒకే నిర్ణయం. ఒక్క చోట ఉండాలి. సమాధానాలు వేరైతే, కోడ్ అచ్చు ఒకేలా ఉన్నా అవి వేర్వేరు నిర్ణయాలు. దీనికి ఉదాహరణ చివర్లో చెప్తా.

రీఫ్యాక్టరింగ్ అంటే మళ్లీ రాయడం కాదు

ఈ మాట మన ఆఫీసుల్లో చాలా వదులుగా వాడతారు. బగ్ సరిచేసినా రీఫ్యాక్టరింగే, మొత్తం పీకేసి కొత్తగా రాసినా రీఫ్యాక్టరింగే. అది కాదు. 1992లో విలియం ఆప్‌డైక్ ఇల్లినాయ్ యూనివర్సిటీలో దీని మీదే పీహెచ్‌డీ థీసిస్ రాశారు. 1999లో మార్టిన్ ఫౌలర్ పుస్తకంతో అందరికీ చేరింది. 2018లో రెండో ఎడిషన్ వచ్చింది, దాంట్లో ఉదాహరణలు జావాస్క్రిప్ట్‌లో ఉంటాయి. అన్నిటి సారం ఒకటే: బయటికి కనిపించే ప్రవర్తన మారకూడదు, లోపలి అమరిక మారాలి, అది కూడా చిన్న చిన్న అడుగుల్లో.

కాబట్టి శుక్రవారం తర్వాత నేను చేసిన మొదటి పని, టీజీని పక్కన పెట్టేయడం. అవును, పక్కన పెట్టేశా. ముందు పాత ప్రవర్తన అలాగే ఉంచి కోడ్ సర్దుదాం, ఆ తర్వాత టీజీ సంగతి చూద్దాం అని. రెండూ ఒకేసారి చేస్తే, ఏదైనా పగిలినప్పుడు సర్దడం వల్ల పగిలిందా, మార్చడం వల్ల పగిలిందా మీకు తెలియదు.

అడుగు 1: ఇప్పుడు ఏం చేస్తుందో రాసుకోండి

టెస్టులు లేని పాత కోడ్‌ని ఎలా ముట్టుకోవాలి? మైకేల్ ఫెదర్స్ 2004లో పాత కోడ్ మీద ఒక పుస్తకం రాశారు. అందులో ఒక పద్ధతి ఉంది: కోడ్ ఏం చేయాలో కాదు, ఇప్పుడు ఏం చేస్తుందో టెస్టుగా రాయండి. తప్పు చేస్తుంటే ఆ తప్పు కూడా అలాగే రాయండి.

నేను దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద కనిపించే నంబర్లన్నీ ఒక లిస్ట్ రాశా. ఏపీ 11 పాత బండి. ఏపీ 39, ఎందుకంటే 2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రమంతా అదే కోడ్ ఇచ్చారు, అంకె చూసి ఏ ఊరో చెప్పలేం. టీఎస్ 08, టీఎస్ 11. టీజీ 11. అక్షరాలు లేకుండా ఉట్టి 11తో మొదలయ్యేది. మధ్యలో ఖాళీలు ఉన్నవి, లేనివి. ఇంకా బీహెచ్ సిరీస్.

ఈ బీహెచ్ దగ్గర తమాషా జరిగింది. 2021లో వచ్చిన ఈ సిరీస్‌లో ముందు అక్షరాలు కాదు, రిజిస్టర్ అయిన సంవత్సరం వస్తుంది, 22 బీహెచ్ అని. మా కోడ్ ఏం చేస్తుంది? ముందు అక్షరాలు లేవు కాబట్టి టీఎస్ 22 బీహెచ్ అని పెడుతుంది. అలాంటి బండి లోకంలో ఎక్కడా లేదు. రెండేళ్లకు పైగా మా రిపోర్టుల్లో ఉంది! సరిచేద్దామని చెయ్యి లాగింది. సరిచేయలేదు. టెస్టులో ‘ఇప్పుడు టీఎస్ 22 బీహెచ్ వస్తుంది’ అని రాసి ముందుకెళ్లా. సరిచేయడానికి దాని టైం దానికి ఉంది.

అడుగు 2: ఒక్క చోటు కట్టి, ఒక్కొక్కరినీ అక్కడికి పంపండి

‘నంబర్ చదువు’ అని ఒక ఫంక్షన్ రాశా. నంబర్ ఇస్తే మూడు ముక్కలు చేసి ఇస్తుంది: రాష్ట్రం, ఆఫీసు అంకె, మిగతాది. అక్షరాలు లేకపోతే టీఎస్. అంటే పాత ప్రవర్తనే, కాకపోతే ఇప్పుడు దానికి ఒక పేరు, ఒక ఇల్లు ఉన్నాయి.

తర్వాత ఏడు చోట్లనీ ఒకేసారి మార్చలేదు. ముందు చీటీ ప్రింట్, ఎందుకంటే తప్పు జరిగినా నష్టం తక్కువ. పాత లైన్లు తీసేసి కొత్త ఫంక్షన్‌ని పిలిచా, టెస్టులు నడిపా, కమిట్ చేశా. తర్వాత ఎస్ఎంఎస్. తర్వాత రిపోర్ట్. గేట్లు చివర్లో. అన్నిటికంటే చివర డేటాబేస్ ప్రొసీజర్: పోల్చే పని అక్కడి నుంచి తీసేసి కోడ్‌లోకి తెచ్చా. ఏడు చోట్లు, ఏడు కమిట్లు. మధ్యలో ఏ రోజు ఆపినా సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది.

మన మెట్రో కట్టినప్పుడు గుర్తుందా? విజయవాడ హైవే మూసేసి కట్టలేదు. ఒక్కో పిల్లర్ దగ్గర బారికేడ్లు పెట్టారు, ట్రాఫిక్ పక్క నుంచి నడుస్తూనే ఉంది. తిట్టుకుంటూనే అయినా అందరం ఆఫీసుకి వెళ్లాం. ప్రొడక్షన్‌లో ఉన్న కోడ్‌ని సర్దడం కూడా అంతే.

అడుగు 3: ఇఫ్‌లో ఇఫ్‌ని విప్పండి

ఇప్పుడు కాంప్లెక్సిటీకి వద్దాం. దీనికి కూడా మన ఊరి రూలే ఉంది. 2018లో తెలంగాణ ప్రభుత్వం మాల్స్, మల్టీప్లెక్సుల పార్కింగ్ మీద ఉత్తర్వు ఇచ్చింది. 30 నిమిషాల దాకా ఫీజు లేదు. 30 నుంచి 60 నిమిషాలైతే ఆ మాల్‌లో ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే ఫీజు లేదు. గంట దాటితే, బిల్లు గానీ సినిమా టికెట్ గానీ పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువ ఉంటే ఫీజు లేదు. రూల్ చదివితే మూడు వాక్యాలు. మా కోడ్‌లో ఇలా ఉండేది:

మాల్ అయితే
— 30 నిమిషాలు దాటితే
— — బిల్లు ఉంటే
— — — 60 నిమిషాలు దాటితే
— — — — బిల్లు ఫీజు కంటే ఎక్కువైతే: సున్నా
— — — — లేకపోతే: ఫీజు
— — — లేకపోతే: సున్నా
— — లేకపోతే: ఫీజు
— లేకపోతే: సున్నా
లేకపోతే: ఫీజు

కింద వరసగా ఉన్న ‘లేకపోతే’లు చూడండి. ఏది దేనికి చెందిందో వేలు పెట్టి పైకి వెతుక్కోవాలి. ఇప్పుడు దీన్నే తిరగేసి, తేలిపోయే కేసులని ముందే బయటికి పంపించేద్దాం:

మాల్ కాకపోతే: ఫీజు
30 నిమిషాల లోపైతే: సున్నా
బిల్లు లేకపోతే: ఫీజు
60 నిమిషాల లోపైతే: సున్నా
బిల్లు ఫీజు కంటే ఎక్కువైతే: సున్నా
మిగతా అన్నిటికీ: ఫీజు

ఆరు లైన్లు. పై నుంచి కిందికి చదువుకుంటూ పోవచ్చు, ఏ లైన్ దగ్గరా వెనక్కి చూడక్కర్లేదు. వీటిని గార్డ్ క్లాజులు అంటారు. ప్రభుత్వ ఉత్తర్వు పక్కన పెట్టుకుని లైన్ లైన్ సరిచూసుకోవచ్చు. కోడ్ రాయని మనిషి కూడా చదవగలడు.

ఇక్కడ ఇంటర్వ్యూల్లో పనికొచ్చే విషయం ఒకటి. 1976లో థామస్ మెక్‌కేబ్ సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ అనే కొలత ఇచ్చారు. తేలిగ్గా చెప్పాలంటే, ఎన్ని షరతులు ఉన్నాయో లెక్కపెట్టి ఒకటి కలపండి. ఒక ఫంక్షన్‌లో 10 దాటకుండా చూసుకోమన్నారు. మన పాత కోడ్‌లో ఐదు షరతులు, అంటే 6. కొత్త కోడ్‌లో? మళ్లీ ఐదు షరతులు, మళ్లీ 6! ఏమీ తగ్గలేదు. తగ్గదు కూడా, రూల్‌లోనే అన్ని దారులు ఉన్నాయి కాబట్టి. ఎన్ని టెస్టులు రాయాలో ఆ నంబర్ చెప్తుంది.

మరి తగ్గింది ఏంటి? చదివేవాడు బుర్రలో మోయాల్సిన బరువు. దానికి సోనార్‌సోర్స్ వాళ్లు కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ అని వేరే కొలత పెట్టారు. దాంట్లో ఇఫ్ ఎంత లోపల ఉంటే అంత ఎక్కువ లెక్క. పాతదాంట్లో ఐదు ఇఫ్‌లకి 1, 2, 3, 4, 5 కలిపి 15, ఐదు ‘లేకపోతే’లకి ఇంకో 5, మొత్తం 20. కొత్తదాంట్లో 5. అందుకే టూల్ ఒక నంబర్ చూపిస్తే అది ఏ నంబరో అడగండి.

అడుగు 4: ఇప్పుడు మార్చండి

అంతా సర్దాక టీజీకి వచ్చా. ఈసారి మార్చాల్సింది ఒకటే ఫంక్షన్. అప్పటికి అర్థమైంది ఏంటంటే, అక్షరాలు లేకపోతే టీఎస్ అనుకోవాలా టీజీ అనుకోవాలా అన్నది తప్పు ప్రశ్న. అసలు ఊహించనే కూడదు. ఇప్పుడు ముందు అక్షరాలు లేకుండా కొడితే స్క్రీన్ మీద మూడు పెద్ద బటన్లు వస్తాయి: టీజీ, టీఎస్, ఏపీ. ఒక్క నొక్కు. వేరే రాష్ట్రం బండి అయితే మొత్తం కొట్టాలి. పాస్ లిస్టులో పాత నంబర్లకి బండి వచ్చినప్పుడల్లా అక్షరాలు అడిగి నింపుకుంటూ పోయాం. బీహెచ్ కూడా అదే ఫంక్షన్‌లో, వేరే కమిట్‌లో సరిచేశా. కోడ్ ముక్క ఏడు చోట్ల ఉన్నప్పుడు నాకు ‘ఎలా మార్చాలి’ అనే ఆలోచన తప్ప ఇంకోటి రాలేదు. ఒక్క చోటికి వచ్చాకే ‘ఇది అసలు సరైనదేనా’ అని అడగగలిగా. రీఫ్యాక్టరింగ్ వల్ల నాకు దొరికిన అసలు లాభం అది.

ఎక్కడ కలపకూడదు

ముందు చెప్తానన్న ఉదాహరణ. ఇదంతా అయ్యాక నాకు ఊపొచ్చింది. ఎక్కడ ఒకేలా ఉన్న కోడ్ కనిపిస్తే అక్కడ కలిపేయడం. మాల్స్‌కి 30 నిమిషాలు ఉచితం. ఆ హాస్పిటల్‌లో కూడా 30 నిమిషాలు ఉచితం, పేషెంట్‌ని దించి వెళ్లేవాళ్ల కోసం వాళ్లంతట వాళ్లు పెట్టుకున్నది. రెండు చోట్లా 30, అచ్చం ఒకే కోడ్. ‘ఉచిత సమయం’ అని ఒకటే పెట్టేశా.

కొన్నాళ్లకి హాస్పిటల్ వాళ్లు 20 నిమిషాలు చేయమన్నారు. ఆ ఒక్క అంకె మార్చబోయి మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది: ‘అన్నా, ఇది మారిస్తే మాల్స్‌లో కూడా 20 అవుతుంది కదా?’ అవుతుంది. ప్రభుత్వ రూల్‌కి విరుద్ధంగా జనం దగ్గర డబ్బులు తీసుకునేవాళ్లం. వెంటనే విడదీశాం.

మన ప్రశ్న వేయండి: ఇది మారాలంటే ఎవరు చెప్పాలి? మాల్ 30కి ప్రభుత్వం. హాస్పిటల్ 30కి హాస్పిటల్ మేనేజ్‌మెంట్. ఇద్దరు వేరు, కాబట్టి రెండు చోట్లు. 2021లో ఇలాగే సింగిల్ స్క్రీన్ థియేటర్లు పార్కింగ్ ఫీజు తీసుకోవచ్చని ప్రభుత్వం అనుమతిచ్చింది, మాల్స్, మల్టీప్లెక్సులకి పాత రూలే ఉంది. ‘సినిమా చూసే చోటు’ అని రెండిటినీ ఒకే గాటన కట్టి ఉంటే అప్పుడు విడదీయడానికి నానా తంటాలు పడాలి.

తేల్చుకోలేకపోతే ఆగండి. ఫౌలర్ పుస్తకంలో డాన్ రాబర్ట్స్ పేరుతో మూడు సార్ల నియమం ఉంది: మొదటిసారి రాసెయ్యి, రెండోసారి ఇబ్బందిగా ఉన్నా రాసెయ్యి, మూడోసారి వస్తే కలుపు. తప్పుగా కలిపినదాన్ని విడదీయడం, రెండు కాపీల్ని కలపడం కంటే చాలా కష్టం.

చివరగా ఒక పని

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోర్సులు చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఇది చూస్తున్నారని నాకు తెలుసు. నేనూ ఆ గదుల నుంచే వచ్చా. మీ ప్రాజెక్ట్ తెరిచి, కోట్స్ మధ్యలో ఉన్న ఏదో ఒక పదం గానీ ఒక అంకె గానీ వెతకండి. డేటాబేస్‌లో కూడా వెతకండి, అది మర్చిపోవద్దు. ఎన్ని చోట్ల ఉందో లెక్కపెట్టి, ప్రతి చోటుకీ ఎదురుగా ‘ఇది మారాలంటే ఎవరు చెప్పాలి’ రాయండి. ఒకే పేరు వచ్చినవాటిని ఒక చోటికి తీసుకురండి, టెస్ట్ రాసి, ఒక్కో అడుగు. వేరే పేర్లు వచ్చినవాటి జోలికి వెళ్లకండి. ఇంటర్వ్యూలో రీఫ్యాక్టరింగ్ అంటే ఏంటని అడిగితే డెఫినిషన్ బదులు ఆ కాగితం గురించి చెప్పండి.

ఆ హాస్పిటల్ గేట్ దగ్గర అన్న ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. మొన్న వెళ్తే మూడు బటన్లు చూపించి ‘ఇది మంచిగున్నది సార్, మొదటి నుంచే అడగొచ్చు కదా’ అన్నాడు. నిజమే. అడగొచ్చు.

మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.